ఆవుకి ఎంగిలి లేదు

కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త చేత నేను తిన్న మొదటి తిట్టు నీళ్ల చెంబు గురించి. ఎండన పడి వచ్చి, వంటింట్లో కనబడిన చెంబు ఎత్తి, పెదాలకు ఆనించి గటగటా తాగేశాను. ఆమె చూసింది. చెంబు నా చేతిలోంచి తీసుకుని, పెరట్లోకి పోయి, చింతపండు వేసి తోమి, ఒకటికి రెండుసార్లు కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చింది. అప్పుడు తీరిగ్గా అంది, "ఎత్తి పోసుకోవాల మే. మీ ఇంట్లో నేర్పలేదా?" నన్ను అంటే పడేదాన్నేమో గానీ మా ఇంటిని అనేసరికి ఒళ్లు మండింది. "మా ఇంట్లో దాహమైతే తాగడం నేర్పినారు" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

మాది గుడియాత్తం నుంచి పళ్ళికొండ పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉండే ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపమొస్తే రెండూ కలిపి. తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడే సేద్యం. మా అత్త తెలుగు మాట్లాడితే వినబుద్ధేస్తుంది గానీ ఆ అక్షరాలు మాత్రం ఆమెకు ఒక్కటీ రావు. బస్సు బోర్డు కూడా అరవంలోనే కూడబలుక్కుంటుంది.

మేం ఎంగిలి అనేదాన్ని అరవంలో ఎచ్చిల్ అంటారు. ఒకరు కొరికి వదిలేసిందీ ఎచ్చిలే, నోట్లో ఊరే ఉమ్మీ ఎచ్చిలే. మా అత్తకు ఎవరి ఎంగిలీ గిట్టదు. బస్సులో కండక్టరు వేలు నాలుకకు అద్దుకుని టికెట్టు చించి ఇస్తే, దాన్ని కొంగుతో పట్టుకునేది. పెళ్లిళ్లకు పోతే గ్లాసులు కడిగే చోటికి ముందు పోయి చూసి, ఆ తర్వాతే పంక్తిలో కూర్చునేది. చెంబును జానెడు పైకెత్తి, ధార పోసుకుంటూ, ఒక్క చుక్క కూడా గడ్డం మీద పడకుండా తాగేది. ఆ విద్య నాకు ఇప్పటికీ రాలేదు. రవిక తడుపుకుంటాను.

ఇంత పట్టింపు ఉన్న మనిషి ఆవు దగ్గరికి పోతే మాత్రం వేరే మనిషి. అది మూతి పెట్టిన కుడితి తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేది. అది నాకిన చేత్తోనే ముఖం తుడుచుకునేది. ఒకసారి ఊరుకోలేక అడిగేశాను, "అత్తా, నా ఎంగిలి చెంబుకేమో చింతపండు పెట్టి తోముతావు, ఆవు ఎంగిలి అక్కర్లేదా?" అని. నేను బూతు మాట్లాడినట్టు చూసింది. "ఆవుకి ఎంగిలి లేదు మే. అట్లనొద్దు, పాపం తగులుతాది" అని చెంపలు వేసుకుంది. నా తరఫున కూడా రెండు వేసుకుంది.

ఆ ఎర్రావు ఆమె కళ్లముందు పుట్టింది. నోట్లో వేలు పెట్టినా కొరకదు అని మనం మెత్తటి మనుషుల్ని అంటాం కదా. ఆమె దాని గురించి ఆ మాట నిజంగా అనేది, అని, వేలు నిజంగా పెట్టి చూపించేది కూడా.

వేలు కాదు, చెయ్యే పెట్టేది. ఊళ్లో ఆమెకు పేరు వచ్చింది అందుకే. మా చుట్టుపక్కలంతా మామిడి తోటలు. కాలం వచ్చిందంటే ఏ వాకిట్లో చూసినా టెంకలు. గొడ్లు వాటిని నమలకుండా మింగుతాయి, గొంతులో అడ్డం పడతాయి. అప్పుడు మా ఇంటికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. మా అత్తది సన్నటి చెయ్యి, పొడుగు వేళ్లు. గాజులు తీసి నా చేతిలో పెట్టేది, ఆముదం రాసుకునేది, ఎడం చేత్తో దాని నాలుకను పక్కకు లాగిపట్టి, కుడిచెయ్యి లోపలికి పోనిచ్చేది. అది గిలగిలలాడుతుంటే "ఉండు నాయనా, అయిపోయింది నాయనా" అంటూనే టెంకను పట్టి బయటికి లాగేది. జిగురు కారుతున్న ఆ టెంకను సొంతదారు కాళ్ల ముందు పడేసి, "ఇదిగో, మీ దూడ తిన్న పలారం" అని నవ్వేది. ఆమె చెయ్యి మంచిదని ఊరంతా అనేవాళ్లు. నేనూ అన్నాను.

ఆ ఏడు మామిడికాయ ఇంకా పిందె మీద ఉండగా, ఒక సాయంత్రం కొట్టంలోకి ఎక్కడిదో కుక్క జొరబడింది. మా ఊరి కుక్క కాదు. నోరు తెరుచుకుని, ఎటు పోతున్నదీ తెలియనట్టు తూలుతూ వచ్చి, పడుకుని ఉన్న ఎర్రావు మూతిని పట్టింది. మా అత్త పొరక తిరగేసి రెండు బాదేసరికి వదిలేసి రోడ్డు వైపు పోయింది. ఆవు మూతి మీద చిన్న గీత, రెండు రక్తపు చుక్కలు. పసుపు పెట్టింది. కొన్నాళ్లకు మానిపోయింది. ఆ కుక్క సంగతి మేమందరం మరిచిపోయాం. కుక్క కరిచిన గొడ్డుకు కూడా వెంటనే సూదులు వేయించాలని అప్పట్లో మా ఊళ్లో ఎవరికీ తట్టేది కాదు.

మామిడి బాగా పండి, మండీల దగ్గర కుళ్లిన కాయలు కుప్పలు పోస్తున్న రోజుల్లో ఎర్రావు మేత మానేసింది. తొట్టిలో మూతి పెడుతుంది, తాగలేదు. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. మధ్యమధ్య అరుస్తుంది గానీ అది దాని అరుపులా లేదు, గొంతు బొంగురుపోయింది. మా అత్త ఒక్క చూపు చూసి తేల్చేసింది. "టెంక. నిన్న ఆ మామిడికాయల్లో మూతి పెట్టినప్పుడే అనుకున్నా."

గాజులు నా చేతిలో పడ్డాయి. మా ఆయన మూకుతాడు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ తగల్లేదు. "లోపలికి పోయినట్టుండాది" అని, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ పెట్టింది. అప్పుడూ ఏమీ లేదు. ఆవు వెనక్కాళ్లు వణకడం చూసి, నాకు ఎందుకో మనసు ఒప్పక, పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. మా అత్తకు కోపం వచ్చింది. ఆమె చెయ్యి ఉండగా డాక్టరేంటని.

ఆయన స్కూటరు దిగి, కొట్టం గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు. అది ఒకసారి అరిచింది. ఆయన ముఖం మారింది.

"దీన్ని ఈమధ్య కుక్క కరిచిందా?"

"కరవలేదు సారూ. మూతి మీద గీరినాది, అంతే" అంది మా అత్త.

"దీని నోట్లో ఎవరైనా చెయ్యి పెట్టినారా?"

మా అత్త కుడిచెయ్యి ఎత్తి చూపించింది. బళ్లో జవాబు తెలిసిన పిల్ల ఎత్తినట్టు. "నేనే. రెండు మాట్లు. టెంక అందలేదు. మీరు ఇంకా లోపలికి పెట్టి చూడండి."

ఆయన ముందు ఆమెను కుళాయి దగ్గరికి నడిపించాడు. సబ్బు తెమ్మన్నాడు. కుళాయి ధారగా వదిలి, సబ్బు పెట్టి కడుగుతూనే ఉండమన్నాడు. ఆమె రెండు రుద్దులు రుద్ది ఆపబోతే, "ఇంకా" అన్నాడు. మళ్లీ ఆపితే, "ఇంకా అమ్మా. కనీసం పావుగంట" అన్నాడు. నా చెంబును అరిగేట్టు తోమిన మనిషి, తన చెయ్యి కడుక్కోవడానికి ఇంత గొడవేంటని సణుగుతూ నిలబడింది. అప్పుడే ఆయన మాకు చెప్పాడు. అది టెంక కాకపోవచ్చు. కుక్క పిచ్చి ఆవుకు వస్తే గొంతు పడిపోతుంది, మింగలేదు, చొంగ కారుస్తుంది, చూసేవాళ్లకు ఏదో అడ్డం పడిందనే అనిపిస్తుంది. పాపం, అందరూ అట్లానే చెయ్యి పెడతారు.

"ఖాయంగా అదేనా సారూ?" అని మా ఆయన అడిగాడు.

"అనుమానమప్పా. ఈ జబ్బులో అనుమానం చాలు. ఈ పొద్దే ఆసుపత్రికి పోండి, ఇద్దరూ. రేపు అనొద్దు. ఇది మనిషికి బయటపడితే ఇంక మందు లేదు. బయటపడకముందు వేసుకుంటే భయం లేదు."

మా అత్త కుళాయి కట్టేసింది. "నా ఆవుకి పిచ్చా?" అంది. మనిషికి పిచ్చి అన్నా అంత బాధపడేది కాదు.

మా ఆయన ఆమెను బండి మీద గుడియాత్తం తీసుకుపోయాడు, బస్టాండు వైపు ఏదో చిన్న క్లినిక్కుకు. మా పాప చిన్నది, నేను ఇంట్లో ఉండిపోయాను. మధ్యాహ్నానికి ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. ఏమైందంటే, "ఏం లేదు, టీటీ వేసినారు, చాలన్నారు" అన్నాడు.

"ఏం చెప్పినారు మీరు అక్కడ?"

"మనమేం చెప్పేది. వాళ్లే అడిగినారు, నాయి కడిచ్చుదా అని. అమ్మ ఇల్లే అనింది. మాడు కడిచ్చుదా అన్నారు. ఇల్లే అనింది. నిజమే కదా?"

నిజమే. కుక్క కరిచిందా, కరవలేదు. ఆవు కరిచిందా, కరవలేదు. అబద్ధం ఒక్కటీ లేదు. నా కోపం ఏ స్థాయికి పోయిందంటే, చేతిలో ఉన్న చాట నేలకేసి కొట్టాను, బియ్యం వాకిలంతా పడ్డాయి. "చెయ్యి పెట్టినామని ఎందుకు చెప్పలా? నోరు పడిపోయిందా ఇద్దరికీ?" అని అరిచాను. మా ఆయన బియ్యం ఏరడానికి కూర్చున్నాడు. నేను కోపంలో ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి ఏరుకుంటూ కూర్చుంటాడు.

పశువుల డాక్టరుకు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన నిట్టూర్చాడు. "కరిచిందా అని అడిగితే మనవాళ్లు లేదనే చెప్తారమ్మా. కడి అనే మాటే ఎత్తొద్దు. ఎచ్చిల్ తగిలింది, చేతి మీద కాయం ఉండాది, అది చెప్పండి. వేలూరు పెద్దాసుపత్రికే పోండి" అన్నాడు.

చేతి మీద గాయం. అప్పుడు పోయి ఆమె చేతులు పట్టుకుని చూశాను. ఆ వారమంతా మేము ఆవుకు చెరకు ఆకు కోసి వేస్తున్నాం. ఆ ఆకు అంచు కత్తిలా కోస్తుంది. ఆమె మణికట్టు నుంచి వేళ్ల దాకా సన్నటి ఎర్రగీతలు. ఆముదం రాసుకున్న చెయ్యి కదా అని ధైర్యం చెప్పుకుందామనుకున్నాను. కుదరలేదు.

సాయంత్రం దాకా బతిమాలాను, పోట్లాడాను. ఆమె చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. చిన్నప్పుడు వాళ్లన్నను కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ వరసగా సూదులు పొడిచినారని, వాడు అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉందని చెప్పింది.

"ఇప్పుడు చేతికే వేస్తారంట అత్తా. సరే, మీ అన్న బతికినాడా లేదా?"

"బతక్కేం. పోయినేడు పెళ్లికి వచ్చి నాలుగు జిలేబీలు తిన్లేదా?"

"మరి?"

ఆమె గింజ ఒకటి తీసి పక్కన వేసింది, ఇంకొకటి తీసింది. నా వైపు చూడకుండా అంది. "ఆ సూది నేను ఏసుకుంటే, నా ఆవు పిచ్చిదని నేనే ఒప్పుకున్నట్టు గదా మే. అది నన్ను ఒక్క పంటి గాటు కూడా పెట్టలేదే." ఆ క్షణం నాకు ఆమె మీద ఎంత ప్రేమ వచ్చిందో, అంత ఒళ్లూ మండింది.

దీపాలు పెట్టేవేళకు పాప వచ్చి వాళ్ల అవ్వ ఒళ్లో కూర్చుంది. రోజూ ఆ వేళకు ఆమె చేతిముద్దలే తింటుంది. నేను పెడితే ఉమ్మేస్తుంది. మా అత్త గిన్నెలో అన్నం కలపడానికి చెయ్యి పెట్టబోయింది. నేను గిన్నె లాగేసుకున్నాను.

"నువ్వు సూది వేసుకునేదాకా ఆ చేత్తో నా బిడ్డకు అన్నం పెట్టొద్దు. అది ఎంగిలి చెయ్యి."

సబ్బుతో కడిగిన చెయ్యి అన్నం కలిపితే బిడ్డకు ఏమీ కాదని నాకు అప్పుడూ తెలుసు. ఆ చేత్తో పెట్టొద్దని డాక్టర్లు ఎవరూ నాకు చెప్పలేదు. అది నా నోట్లోంచి వచ్చిన మాట. నేను చెంప మీద కొట్టినా మా అత్త ఊరుకునేదేమో. ఆమె చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆమె లేచి, లోపలికి పోయి, పడుకుంది. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడను. మళ్లీ అవసరమైతే మళ్లీ అంటాను.

తెల్లవారేసరికి ఆమె స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, వాకిట్లో నిలబడి ఉంది. "యాడికి పోవాల్నో పోదాం పా" అంది. నాతో కాదు, కొడుకుతో. కొట్టం తలుపుకు అడ్డంగా కర్రలు కట్టి ఉన్నాయి. ఆమె దూరం నుంచే చూసింది. ఎర్రావు పడి ఉంది, తల ఎత్తలేకపోతోంది. బొంగురు గొంతుతో ఒకసారి అరిచింది. ఆమె "వస్తా నాయనా" అని చెప్పి కదిలింది.

పాపను పక్కింట్లో వదిలి ముగ్గురం బస్సెక్కాం. పళ్ళికొండ దాటి, విరించిపురం మలుపు దగ్గర బస్సు మెల్లగా పోతుంది. మా అత్త ఎప్పుడు ఆ దారిన పోయినా గుడి ఉన్న వైపు తిరిగి దండం పెట్టుకునే మనిషి. ఆ పొద్దు చేతులు ఒళ్లోంచి ఎత్తలేదు. చేతులకేసే చూసుకుంటూ కూర్చుంది. వేలూరు రావాలి, సూది పడాలి, ఆ తర్వాతే ఏ మాటైనా అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. డాక్టరమ్మ చిన్నపిల్ల. అరవంలో అడిగింది, "నాయి కడియా పాటీ?" అని, కుక్క కాటా అవ్వా అని. నేను అడ్డంపడి, "కడి కాదమ్మా. ఎచ్చిల్. మాట్టు ఎచ్చిల్" అన్నాను.

మా అత్త నన్ను పక్కకు నెట్టి, గట్టిగా, అక్కడున్న వాళ్లందరికీ వినబడేట్టు అంది, "మాట్టుక్కు ఎచ్చిల్ ఇల్లమ్మా."

ఆవుకి ఎంగిలి లేదు. ఆమె అనేది ఆ మాటే, ఆమె పుట్టినప్పటినుంచీ నమ్మిన మాటే. కానీ డాక్టరమ్మకు అది వేరేగా వినబడింది. ఆవుకు చొంగ లేదు, ఏమీ తగల్లేదు అని. ఆమె నా వైపు చూసి, "పాటి ఎచ్చిలే లేదంటున్నారే?" అని కలం కింద పెట్టేసింది. అయ్యో దేవుడా, ఇక్కడి దాకా వచ్చి మళ్లీ మాట దగ్గరే పోతున్నామే అనుకున్నాను.

"అది కాదమ్మా, వినండి. చొంగ ధారగా కారింది. ఈమె మోచేతిదాకా నోట్లో పెట్టింది, రెండుసార్లు. కుక్క దాని మూతి పట్టింది, మేమే చూసినాం. ఈమె ఆవును దేవుడంటుంది, దేవుడికి ఎంగిలి ఉండదంటుంది, అదీ సంగతి" అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. మా అత్త కుడిచెయ్యి పట్టుకుని, ఆమె గింజుకుంటున్నా వదలకుండా, బల్ల మీద పెట్టాను. చెరకు ఆకు గీతలు ఆ వెలుతురులో ఇంకా ఎర్రగా కనిపించాయి.

డాక్టరమ్మ నవ్వలేదు. కలం మళ్లీ తీసుకుంది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని వేలు వేలూ చూసింది. అరవంలోనే మెల్లగా చెప్పింది. "పాటీ, మీ ఆవు ఏ తప్పూ చేయలేదు. దానికి పిచ్చి కాదు, జబ్బు. ఆ కుక్క దానికి ఇచ్చిపోయింది. దాన్నించి మీకు రాకూడదు, అంతే. కరిస్తేనే వస్తుందని లేదు. చొంగలో ఉంటుంది. తెగిన చోట తగిలినా, కంట్లో పడినా, నోట్లో పడినా చాలు. అక్కణ్ణించి నరం పట్టుకుని మెల్లగా మెదడుకు పాకుతుంది. అది దారిలో ఉండగానే మనం అడ్డుకోవాలి. అది చేరినాక నేనూ ఏం చేయలేను, ఇంకెవరూ చేయలేరు."

"పిచ్చి కాదా?" అని మా అత్త అడిగింది. ఆమెకు ఆ ఒక్క మాటే చెవిలో పడింది.

"కాదు పాటీ. జబ్బు."

మా అత్త చెయ్యి తనంతట తానే ముందుకు జరిపింది.

గాయాల చుట్టూ ఒక మందు గుచ్చారు. ఆ గీతలన్నిటి దగ్గరా గుచ్చాలి కదా, నొప్పి బాగానే ఉంటుంది. పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. ఆపైన భుజానికి టీకా. అయిపోయాక నర్సమ్మతో, "నా ఆవు కరవలేదు. మీరే కరిచినారు" అంది. అందరూ నవ్వారు. మూకుతాడు పట్టుకుని చొంగ తుడిచిన మా ఆయనకు కూడా వేశారు. సూది చూడగానే ఆయన ముఖం తెల్లబోయింది. "ఏరుకోవడానికి ఇక్కడ బియ్యం లేవు" అన్నాను. మళ్లీ ఏ ఏ రోజుల్లో రావాలో చెప్పి, ఒక్కటి కూడా తప్పొద్దని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు అంది. పథ్యం ఏమిటని మా అత్త అడిగితే, పథ్యం లేదు, తప్పకుండా రావడమే పథ్యం అంది.

మేం ఇల్లు చేరేసరికి ఎర్రావు పోయింది. పశువుల డాక్టరు దగ్గరుండి లోతుగా గుంత తీయించి, సున్నం వేయించి పూడ్పించేశాడు. మా ఇంట్లో గొడ్డు పోతే ముఖానికి పసుపు రాసి, బొట్టు పెట్టి సాగనంపడం ఆనవాయితీ. ఈసారి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదంట డాక్టరు. ఆమె ఆ మట్టి మీద పసుపు, కుంకుమ చల్లి, చాలాసేపు కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. లేచి పొమ్మనలేదు.

ఆ తర్వాత సూదులన్నీ వరసగా వేయించాం, ఒక్కటీ తప్పలేదు. వేయించుకున్నాక భయం లేదని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. నా భయం మాత్రం నా మాట వినలేదు. ఈ జబ్బు వచ్చినవాళ్లు నీళ్లు మింగలేరని, నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకుపోతుందని విని ఉన్నాను. అందుకని ఆమె చెంబు ఎత్తినప్పుడల్లా నేను ఏ పనిలో ఉన్నా ఆగిపోయేదాన్ని. జానెడు పైనుంచి ధార పడుతుంది. గొంతు కదులుతుందా? కదిలింది. మళ్లీ కదిలింది. అప్పుడు నేను నా పని చూసుకునేదాన్ని. ఎన్నో నెలలు ఇట్లాగే గడిపాను. ఒక రోజు చెంబు దించి, "ఏం మే, నేను నీళ్లు తాగేది సినిమానా?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు అర్థమైంది. ఆ రోజు నుంచి నేను వంటింట్లో ఉంటే, కావాలనే నాకు కనబడేట్టు నిలబడి తాగేది.

పాపకు మాత్రం అన్నం పెట్టలేదు. నేనే పెట్టమని చెప్పినా పెట్టలేదు. "నువ్వే అంటివి గదా" అనేది. ఆఖరి సూది వేయించుకుని వేలూరు నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, కుళాయి దగ్గర సబ్బు పెట్టి చేతులు కడుగుతూ నిలబడింది, ఎంతకీ రాలేదు. వచ్చి, పెరుగన్నం కలిపి, పాపను పిలిచింది. పాప తింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. సంతోషానికే.

మరుసటి ఏడు మామిడి కాలంలో పక్కింటావిడ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, రా అక్కా. దూడ గొంతులో టెంక అడ్డం పడినాది. చచ్చిపోయేట్టుండాది."

మా అత్త చేస్తున్న పని వదిలేసి లేచింది. నడుస్తూనే గాజులు తీసి నా చేతిలో పెట్టింది, అలవాటు. నోరు తెరిస్తే నా నోటి సంగతి నాకు తెలుసు. పాపను ఎత్తుకుని వెనకే పోయాను.

దూడ మెడ చాచి దగ్గుతోంది. నోట్లోంచి చొంగ తీగలా వేలాడుతోంది. మా అత్త గుమ్మం దగ్గర ఆగింది. "ఈమధ్య కుక్క ఏమన్నా దీని మీదికి వచ్చినాదా?" అని అడిగింది.

"ఏమో అక్కా, నేను చూడలేదు. చెయ్యి పెట్టక్కా, నీకు దండం పెడతా."

ఆమె నా వైపు తిరిగి చెయ్యి చాచింది. గాజులు తీసుకుని, ఒక్కొక్కటే మళ్లీ తొడుక్కుంది. "డాక్టరుకి ఫోన్ చెయ్ మే" అంది నాతో.

ఆ పక్కింటావిడ అనని మాట లేదు. అంత మంచి చెయ్యి ఉంచుకుని మూగజీవాన్ని చూస్తూ చంపుతావా అంది. ఇట్లాంటి గుండె ఉందనుకోలేదంది. మా అత్త కదలకుండా నిలబడింది, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని. దూడ దగ్గినప్పుడల్లా ఆమె కుడిచేతి వేళ్లు ముడుచుకునేవి. ఆ వేళ్లను చూస్తూ నేను రోడ్డు వైపు స్కూటరు చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

డాక్టరు వచ్చాడు. మోచేతులు దాటిన గ్లౌజులు తొడుక్కుని, దూడ నోరు మూసుకోకుండా అడ్డుకట్ట పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చాడు. టెంక బయటికి వచ్చింది. దూడ ఒళ్లు విదిలించుకుని లేచింది. ఆయన టెంకను అరుగు మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

"చూసినావా అక్కా? ఉత్త టెంకే. దీనికా ఇంత చేసినావు?" అంది పక్కింటావిడ.

"టెంకే" అంది మా అత్త. "నేనూ ఆ పొద్దు టెంకే అనుకున్నా."

ఇంతలో పాప నా చంక దిగి, అరుగు మీద మెరుస్తున్న టెంక దగ్గరికి పోయి చెయ్యి చాచింది. మా అత్త వీధంతా వినబడేట్టు అరిచింది.

"ముట్టుకోవద్దమ్మా! ఎంగిలి!"

పాప బెదిరిపోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "దూడదే కదవ్వా?" అంది.

"దూడదైనా, ఆవుదైనా" అంది మా అత్త, "ఎంగిలి ఎంగిలే."